పడవలు పోయాక మిగిలిన గట్టు

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం చివర, పొటోమాక్ నది మెలికలు తిరిగే చోట, కొండని తొలిచి కాలవ తీసుకుపోయిన సొరంగం ఒకటుంది. పేరు పా పా. పొడవు 950 మీటర్లు. లోపల ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క ఇరుకు బాట, రెంటికీ మధ్య కర్ర కమ్మీ. సైకిలు దిగి నడిపించుకుంటూ పోతున్నాను. దీపం వెలుగు కమ్మీ మీద పడినప్పుడల్లా దాని అంచున గాట్లు కనబడుతున్నాయి. ఎవరో చాకుతో కోశారనుకున్నాను. వేలు పెట్టి చూస్తే లోపలంతా నున్నగా ఉంది. పడవల్ని లాగిన కంచరగాడిదల తాళ్ళు ఏళ్ళ తరబడి రాసుకుని పడ్డ గాట్లు అవి.

పశ్చిమగోదావరిలో మా ఊరి లాకు దగ్గర రాతి అంచుకీ ఇలాంటివే ఉండేవి. అక్కడ తాడు లాగింది మనుషులు. భుజానికి తాడు వేసుకుని, గట్టు మీద వంగి నడుస్తూ ధాన్యం పడవల్ని లాగేవాళ్ళని మా నాన్న చూశాడు. నేను చూడలేదు. నాకు ఆ గట్టు సైకిలు నేర్చుకున్న చోటు. సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, గంటకింతని అద్దెకి తెచ్చిన సైకిలు మీద, మధ్యాహ్నాలు లాకు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి లాకు దాకా తిరిగేవాణ్ణి. ఎదురొస్తే గేదెలు రావాలి, లేదా గడ్డిమోపు రావాలి. ఇప్పుడా గట్టు తారు రోడ్డు. ఇసుక లారీ హారన్ కొడితే సైకిలువాడు దిగి కంప వైపు ఒదిగి నిలబడాలి.

మోటారు బండ్లు లేకుండా, పొలాల మధ్య నుంచి, పాత ఊళ్ళనీ గుళ్ళనీ కోటలనీ ఒరుసుకుంటూ సైకిలు మీద పోవడానికి దారి ఎక్కడ దొరుకుతుంది? ఇది కొద్దిమంది వేడుక అనుకునేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో మనిషికి ఊరి పేరు చదవడానికి, బావి దగ్గర ఆగడానికి, శాసనం రాయి ఎటు తిరిగి ఉందో చూడడానికి వీలవుతుంది. కారులో అవేవీ కావు, నడకలో ఒక రోజుకి రెండు ఊళ్ళు మించవు. పల్లె చరిత్ర చదవడానికి సైకిలంత అనువైన బండి ఇంకోటి లేదని నా నమ్మకం. దాన్ని తొక్కడానికి దారి ఎలా పోయింది, పోయిన చోట్ల ఎలా తిరిగి వచ్చింది అన్నది పది దేశాల్లో పదిరకాలుగా జరిగింది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించింది ఒకటే: మోటారు లేని మంచి దారుల్లో ఎక్కువ భాగం కొత్తగా వేసినవి కావు. అంతకు ముందు వేరే రాకపోకలకి పుట్టి, ఆ పని ఆగిపోయాక, భూమి ముక్కలు కాకుండా ఎవరో పట్టుకుని నిలబెట్టినవి.

చదునైన రోడ్డు కావాలని ముందు అడిగింది సైకిలువాళ్ళే. ఇంగ్లండులో 1886లో సైకిలు సంఘాలు చేరి రోడ్ల బాగు కోసం ఒక సంఘం పెట్టాయి. అప్పటికి వాళ్ళ దేశంలో మోటారు కారు లేదు. గతుకుల గుర్రబ్బండి దారులు చదును కావాలని వాళ్ళు కరపత్రాలు వేశారు, ఇంజనీర్లతో వాదించారు. చదునైన రోడ్డు మీదికి తర్వాత కార్లొచ్చాయి. అలా తాము అడిగి వేయించుకున్న రోడ్డు నుంచి సైకిలువాళ్ళు అంచుకి జరగాల్సి వచ్చింది. ఆ అంచు నుంచి తప్పుకుని వెతుక్కున్న చోట్లే తర్వాతి కథంతా.

మొదటి చోటు మూతపడ్డ రైలు దారి. బ్రిటన్‌లో 1963లో రైల్వే అధిపతి రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లు మూసేయమంది, సుమారు 8,000 కిలోమీటర్ల లైన్లు ఎత్తేయమంది. చాలా మటుకు అలాగే జరిగింది. పట్టాలు పోయాక మిగిలింది చూడండి. రైలు ఎక్కువ ఎక్కుడు ఎక్కలేదు కాబట్టి దారి నూటికి రెండుకి మించి లేవదు. కొండొస్తే సొరంగం, లోయొస్తే వంతెన. రోడ్లని దాటేచోట పైనుంచో కిందనుంచో పోతుంది. పదేళ్ళ పిల్ల, డెబ్భై ఏళ్ళ తాత ఇద్దరూ తొక్కగలిగే దారి ఇంతకంటే బాగా ఎవరూ గీయలేరు. కానీ బ్రిటన్ ఆ భూమిని ముక్కలుగా అమ్మేసింది. ఒకచోట వంతెన ఇనుము పాతసామానుకి పోయింది, ఒకచోట ఇళ్ళు లేచాయి, ఒకచోట రైతు పొలంలో కలిసింది. తొంభై పాళ్ళు మిగిలినా మధ్యలో ఒక వంతెన లేకపోతే దారి లేనట్టే.

బ్రిస్టల్ నుంచి బాత్ దాకా 21 కిలోమీటర్లు మాత్రం దక్కింది. 1979 నుంచి 1986 వరకు, జీతం లేకుండా పనిచేసిన మనుషులు గడ్డపారలు పట్టుకుని ఆ రైలు కట్టని సైకిలు బాటగా మార్చారు. వాళ్ళ సంఘమే తర్వాత సస్ట్రాన్స్ పేరుతో దేశమంతా సైకిలు దారుల జాలం అల్లింది. ఆ జాలం గురించి మెచ్చుకోలుగానే వింటూ వచ్చాను. లెక్కలు చూశాక మనసు కొంచెం చిన్నబోయింది. 2020కి ముందు అందులో మూడింట రెండొంతులు మామూలు రోడ్ల మీద గీసిన గీతే, బండ్లు తిరిగే రోడ్లే. చివరికి 2020లో ఆ సంఘమే దాదాపు నాలుగో వంతు దారుల్ని, ఇవి పిల్లలతో పోదగినవి కావని ఒప్పుకుని, తన గుర్తింపు తీసేయడమో తగ్గించడమో చేసింది. తమ పటాన్ని తామే చెరిపేసుకోవడానికి గుండె ధైర్యం కావాలి. ఆ పని చేసినందుకు వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది. పటం మీద ఆకుపచ్చ గీత గీసినంత మాత్రాన లారీ పక్కకి పోదు.

ఆ దేశంలోనే పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో మాన్సల్ బాట ఉంది. 1863లో ఆ లోయలోంచి రైలు వేసినప్పుడు రచయిత జాన్ రస్కిన్ లోయని పాడుచేశారని కోపంతో రాశాడు. 1968లో రైలు ఆగింది. ఆ తర్వాత లోయ మీది రాతి వంతెన కూలగొడతామంటే జనం అడ్డుపడ్డారు, దాన్ని రక్షిత కట్టడంగా చేశారు. రస్కిన్ కాలంలో లోయకి మచ్చ అనుకున్నది వందేళ్ళకి లోయకే గుర్తు అయింది. సొరంగాలు మూసి ఉండడంతో బాట ముక్కముక్కలుగా ఉండేది. 2011లో అవి తెరిచాక సుమారు 14 కిలోమీటర్లు ఏకంగా పోవచ్చు. సొరంగాలు తెరవడానికి పట్టిన ఆ నలభై మూడేళ్ళు నాకు గుర్తుండిపోయాయి. దారి ఉంది, రాయి ఉంది, కొండ ఉంది, తలుపొక్కటే మూసి ఉంది.

అమెరికా వాళ్ళకి ఈ చిక్కు ఇంకా ముదిరింది. అక్కడ చాలాచోట్ల రైలు కంపెనీలకి భూమి మీద ఉన్నది దారి హక్కు మాత్రమే. రైలు ఆగితే ఆ హక్కు పోయి భూమి పక్క రైతుకి చేరుతుంది. ఒక్క మైలు అలా పోతే వంద మైళ్ళ దారి తెగుతుంది. దీనికి 1983లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం లైను రద్దయినట్టు కాదు, ఎప్పుడైనా మళ్ళీ రైలు వేయడానికి దాచి ఉంచినట్టు. ఈలోగా దాని మీద నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు. భూస్వాములు కోర్టుకెక్కారు. 1990లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందనే చెప్పింది, నష్టం జరిగిందనుకున్నవాళ్ళు పరిహారం అడగొచ్చంది. భూమి పోగొట్టుకున్నామనుకున్న రైతు బాధ కొట్టిపారేసేది కాదు. కానీ తాతల నాడు ఊరంతా చందాలేసి తెచ్చుకున్న లైన్లు కూడా అందులో ఉన్నాయి. ఊరికి ఒకసారి దారి వచ్చాక దాన్ని తెగకుండా ఉంచడం న్యాయమనే నేననుకుంటాను.

ఈ చట్టం గురించి చదివినప్పుడు నాకు కోటిపల్లి గుర్తొచ్చింది. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలు లైను 1928లో పడింది. యుద్ధ కాలంలో, 1940లో, పట్టాలు పీకేశారు. 2004లో మళ్ళీ రైలు వచ్చింది. మధ్యలో 64 ఏళ్ళు. పట్టాలు పోయినంత మాత్రాన దారి చచ్చిపోదని అమెరికా వాళ్ళు చట్టంలో రాసుకున్న మాట మనకి కోనసీమ అంచున కళ్ళముందే జరిగింది. ఆ 64 ఏళ్ళు ఆ కట్ట మీద పంచారామ క్షేత్రానికి సైకిళ్ళు పోయే బాట ఒకటి ఉండుంటే ఎలా ఉండేదో ఊహించుకోవడం నాకిష్టం.

ఐర్లండు పద్ధతి వేరు. పడమటి తీరాన వెస్ట్‌పోర్ట్ నుంచి ఆకిల్ దీవి దాకా వెళ్ళే రైలు 1937లో ఆగింది. భూమి ఎప్పుడో పొలాల్లో కలిసిపోయింది. 2010 ప్రాంతంలో బాట వేయాలనుకున్నప్పుడు భూమి కొనలేదు, గుంజుకోలేదు. ఇంటింటికీ తిరిగి, సుమారు 160 మంది రైతుల దగ్గర దారి ఇస్తామన్న మాట తీసుకున్నారు. హక్కు వాళ్ళదే, నడక మనది. 42 కిలోమీటర్ల బాట అలా వచ్చింది. గొర్రెలు దాటడానికి గేట్లు, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకునే బాడవలు, పక్కన సముద్రం. మాట మీద నిలిచిన దారిని చూస్తే ముచ్చటేస్తుంది, భయమూ వేస్తుంది. ఒక్క వారసుడు కాదంటే చాలు. ఆ దేశంలో ఇంకోచోట భూమిని చట్టబద్ధంగా సేకరిస్తామన్నప్పుడు రైతులు గట్టిగా ఎదురు తిరిగారు. అడిగే పద్ధతిని బట్టి ఒకే రకం రైతు రెండు రకాలుగా జవాబు చెప్పాడు.

స్పెయిన్‌లో 1993 నుంచి ఇలాంటి పచ్చబాటలు 3,000 కిలోమీటర్లు దాటాయి. అండలూసియాలో ఒల్వేరా నుంచి ప్వెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల బాట ఉంది. 30 సొరంగాలు, నాలుగు పెద్ద వంతెనలు. ఆ లైను మీద రైలు ఒక్కసారైనా నడవలేదు. 1920లలో మొదలెట్టి, డబ్బు లేక, తర్వాత అంతర్యుద్ధం వచ్చి, వదిలేశారు. కొండలు తొలిచిన కూలీల కష్టం అరవై డెబ్భై ఏళ్ళ తర్వాత సైకిళ్ళకి ఉపయోగపడింది. ఆ లైనుకి పక్కనే ఉన్న సాఫ్రామాగోన్ గుట్ట మీద రాబందులు గూళ్ళు కట్టుకుంటాయి.

సన్న టైరు సైకిలు తొక్కేవాళ్ళు అడిగితే మాత్రం నేను ముందు చెప్పేది ఫ్రాన్సులో బుర్గుండీ. 1997లో క్లూనీ నుంచి గివ్రీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలు దారి మీద తారు వేశారు. ఫ్రాన్సులో ఆ రకం బాట అదే మొదటిది. ఈ తారు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ తగాదాలన్నీ దీని మీదే. నడిచేవాళ్ళకీ గుర్రాలకీ కంకర పొడి కావాలి, తారు మీద కాళ్ళు నొప్పులు. సన్న టైర్లకి కంకర మీద పట్టుండదు, వానొస్తే బురద. అమెరికా వాళ్ళు చాలాచోట్ల సున్నపురాయి నలగ్గొట్టి పరిచి మధ్యేమార్గం చూసుకున్నారు. బుర్గుండీలో తారు వేసి, అంచున గడ్డి వదిలేశారు. దానివల్ల చక్రాల కుర్చీలో ఉన్న మనిషి కూడా ద్రాక్షతోటల మధ్యకి పోగలుగుతున్నాడు. నాకు ఆ ఒక్క కారణం చాలు.

క్లూనీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 910లో పుట్టిన ఆ మఠం గుడి, రోములో సెయింట్ పీటర్ గుడిని మళ్ళీ కట్టేదాకా, క్రైస్తవ లోకంలో అన్నిటికంటే పెద్దది. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని కొనుక్కున్నవాళ్ళు రాళ్ళ గనిలా తవ్వుకుని అమ్ముకున్నారు. ఇప్పుడు మిగిలింది పదో వంతు కూడా కాదు. సైకిలు దిగి ఆ మిగిలిన గోపురం కింద నిలబడితే, లేని గుడి ఎంతుండేదో గాలిలో కొలుచుకోవాలి. మాకు దగ్గర్లో భట్టిప్రోలుదీ అదే కథ. బుద్ధుడి ధాతువులు దాచిన స్తూపం ఇటుకల్ని 19వ శతాబ్దంలో రోడ్డు పనికీ, పాలరాతిని కాలవ కట్టడానికీ మోసుకుపోయారు. 1892లో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రీ తవ్వితే ధాతు కరండాలూ వాటి మీద బ్రాహ్మీ అక్షరాలూ బయటపడ్డాయి. కృష్ణా డెల్టాలో పాత రోడ్డు మీద పోతుంటే నాకు ఈ ఊహ వదలదు: ఈ కంకర కింద ఏముందో.

బుర్గుండీ బాటనే దక్షిణానికి మాకాన్ వైపు పొడిగించారు. ఆ దారిలో ఉన్న బ్వా క్లేర్ సొరంగం 1,600 మీటర్లు. చలికాలంలో గబ్బిలాలు అందులో నిద్రపోతాయని ఆ నెలలు సొరంగం మూసేస్తారు. సైకిళ్ళు కొండ మీద నుంచి చుట్టి పోవాల్సిందే. ఎవరికీ కోపం రాదు.

రైలు బాటల్లో లోపం చెప్పకపోతే తప్పవుతుంది. రైలు ఊళ్ళోకి పోదు. స్టేషను ఊరికి ఒకటి రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. కొండని కోసి దారి తీసినచోట రెండు పక్కలా మట్టిగోడలే, పైనున్న కోట కనిపించదు. గంటసేపు తిన్నగా తొక్కితే మెలకువ మగతగా మారుతుంది. చరిత్ర ఉన్నది పక్కకి తిరిగే మలుపుల్లో. అందుకే నాకు రైలు కట్ట కంటే కాలవ గట్టు ఇష్టం. కాలవ భూమి వాలుని బట్టి వంపులు తిరుగుతుంది. ఊళ్ళు కాలవని చూసుకుని పెరిగాయి కాబట్టి ఊరి మధ్య నుంచే పోతుంది. లాకు వచ్చిన ప్రతిచోటా ఒక ఇల్లు, ఒక చెట్టు, ఆగడానికి ఒక సాకు.

దక్షిణ ఫ్రాన్సులో పియెర్ పోల్ రికే తవ్వించిన కనాల్ దు మిదీ 1666లో మొదలై 1681లో తెరుచుకుంది. 240 కిలోమీటర్లు. తెరవడానికి కొన్ని నెలల ముందే రికే పోయాడు. గుర్రాలు పడవ లాగిన బాట ఇప్పుడు సైకిళ్ళది. తూలూజ్ దగ్గర సుమారు 50 కిలోమీటర్లు తారు, ఆ తర్వాత చెట్ల వేళ్ళు లేచిన మట్టిబాట. దాని అందమంతా రెండు గట్ల మీది ప్లేన్ చెట్ల వరస. వాటికి 2006లో ఒక శిలీంధ్రపు తెగులు కనిపించింది. మందు లేదు. తెగులు పట్టిన చెట్టునీ దాని చుట్టుపక్కల చెట్లనీ కొట్టి కాల్చేయడమే. అలా వేలవేల చెట్లు పోయాయి. వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. ఆ నీడ మళ్ళీ చూసేది మన మనవలు.

ఇక మొదట చెప్పిన పొటోమాక్ కాలవ. చెసపీక్–ఒహాయో కాలవని 1828 జూలై 4న తవ్వడం మొదలెట్టారు. సరిగ్గా అదే రోజున బాల్టిమోర్‌లో దానికి పోటీగా రైలు లైను మొదలైంది. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలవ చేరేసరికి 1850. ఎనిమిదేళ్ళు ఓడిపోయి పుట్టిన కాలవ, 74 లాకులతో, 1924 వరద దాకా బొగ్గు మోసింది. తర్వాత పాడుపడింది. 1950లలో దాని మీద అందమైన మోటారు రోడ్డు వేయాలన్నారు, ఒక పత్రిక బాగుందంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కి ఆ గట్టు మీద నడవడం అలవాటు. రోడ్డుని సమర్థించిన పత్రికవాళ్ళని, నాతో ఒకసారి నడిచి చూసి అప్పుడు రాయండని పిలిచాడు. 1954 మార్చిలో బయల్దేరారు. మధ్యలో చాలామంది ఆగిపోయారు. ఎనిమిది రోజులు నడిచి వాషింగ్టన్ దాకా పూర్తి చేసింది తొమ్మిది మంది. పత్రిక మాట మార్చుకుంది. రోడ్డు ఆగింది. 1971లో ఆ 297 కిలోమీటర్ల గట్టు మొత్తం జాతీయ చారిత్రక పార్కు అయింది. కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా పాత రైలు దారులు కలుపుతూ ఇంకో 240 కిలోమీటర్ల బాట 2013కి పూర్తయింది. వాషింగ్టన్‌లో సైకిలెక్కితే ఒక్క కారుతోనూ రోడ్డు పంచుకోకుండా దాదాపు పిట్స్‌బర్గ్ దాకా పోవచ్చు. పిట్స్‌బర్గ్ అంటే అమెరికా తెలుగువాళ్ళకి 1970లలో వెలసిన వేంకటేశ్వరస్వామి గుడి. మా అమ్మాయి వాళ్ళు ఏటా కారులో నాలుగు గంటల్లో చేరతారు. సైకిలు మీద వారం పడుతుంది. కాలినడకన కొండెక్కే జాతికి వారం పెద్ద విషయం కాదని మా అల్లుడితో అన్నాను. ఈ మాట మీద ఇంట్లో చర్చ ఇంకా తెగలేదు.

కొత్తగా వేసిన బాటలు కూడా ఉన్నాయి. వర్జీనియాలో జేమ్స్‌టౌన్ నుంచి రిచ్‌మండ్ దాకా 83 కిలోమీటర్లు, 2015లో పూర్తయింది. పాత రోడ్డు పక్కనే, దాన్ని అంటకుండా, పూర్తిగా తారు. మధ్యలో పొలాలు, అడవి, పదో అధ్యక్షుడు జాన్ టైలర్ ఇల్లు లాంటి పెద్ద దొరల బంగళాలు. బంగళాలు అందంగా ఉంటాయి. వాటి పొలాలు దున్నింది 1619 నుంచి ఓడల్లో వచ్చిన ఆఫ్రికా మనుషులూ వాళ్ళ సంతానమూ. బాట ఆ చివరనున్న రిచ్‌మండ్ మనుషుల్ని అమ్మిన పెద్ద సంతల్లో ఒకటి. పాత పల్లెల్లో సైకిలు తొక్కడం అంటే పూలూ పాలరాయీ చూడడమే అనుకుంటే సగమే చూసినట్టు. ఎవరి చేతులు అవి కట్టాయో అక్కడే, ఆ గట్టు మీదే తెలుసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్టకి కాటన్ దొర పేరు తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. 1847 నుంచి 1852 దాకా రాయి మోసినవాళ్ళ పేర్లు ఒక్కటీ నాకు తెలియదు.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేశారు. పైన సౌర పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. ఎండకి రక్షణ, లారీకి దూరం. తెల్లవారుజామున ఐటీ పిల్లలు ఆనందంగా తొక్కుతారు, చూస్తే సంతోషమేస్తుంది. పక్కన ఎనిమిది వరసల మోటారు హోరు మాత్రం తప్పదు. అది వ్యాయామానికి చాలా మంచి చోటు. ఊళ్ళని చూపించే దారి అది కాదు.

దారిని కొనకుండా, కట్టకుండా, కేవలం రోజుని ఎంచుకుని మోటారుని పక్కకి జరిపిన ఊళ్ళున్నాయి. జర్మనీలో రైన్ నది లోయలో, కోటల కింద నుంచి పోయే రోడ్లని 1990ల నుంచి ఏళ్ళ తరబడి వేసవిలో ఒక ఆదివారం సైకిళ్ళకి వదిలారు. ఇటలీలో టస్కనీ తెల్లమట్టి రోడ్లది ఇంకో దారి. వాటి మీద తారు పోస్తారన్న భయంతో జాంకార్లో బ్రోచ్చీ అనే ఆయన 1997లో పాత సైకిళ్ళతో ఒక సవారీ పెట్టాడు. 1987కి ముందు చేసిన సైకిలైతేనే రానిస్తారు. ఆ సవారీకి పేరు రావడంతో మట్టిరోడ్డు ఊళ్ళకి పరువయింది, తారు ఆగింది. కార్లని ఎవరూ నిషేధించలేదు. రోడ్డు తెల్లగా, దుమ్ముగా ఉంటే వేగంగా పోయేవాడు అటు రాడు. ఉన్న రోడ్డుని ఉన్నట్టు వదిలేయడం కూడా ఒక రక్షణే.

బెల్జియం లింబర్గ్ వాళ్ళు చేసిన పని అన్నిటికంటే చవక. బొగ్గు గనులు మూతపడ్డాక, 1995లో, గని ఇంజనీరు హ్యూగో బోలెన్ గనిలో సందులకి అంకెలు వేసినట్టే పల్లె దారుల కూడళ్ళకి అంకెలు వేయించాడు. 71, 73, 80 అని చీటీ మీద రాసుకుంటే చాలు. ఏ దారిలో కార్లు లేవో తెలిసినవాళ్ళు ముందే చూసి అంకె వేశారు. కొత్తగా వేసిన దారి చాలా తక్కువ. ఉన్నవాటిని గుర్తుపట్టి, కలిపారు.

ఇక్కడే మన సంగతి వస్తుంది. మన దగ్గర పనికిరాకుండా పడున్న రైలు కట్టలు తక్కువ, పాత మీటర్‌గేజి లైన్లు చాలావరకు అక్కడే బ్రాడ్‌గేజి అయ్యాయి. కాలవ గట్లు తారు మింగింది. కోనసీమలో లొల్ల లాకుల దగ్గర పొద్దున్నే నిలబడితే ఇంకా ఆ పాత శాంతి కొంత ఉంటుంది, తొమ్మిదయ్యేసరికి ఉండదు. కానీ మనకి ఇంకోటుంది. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి చెరువుకి, చెరువు నుంచి గుడికి ఎడ్లబండ్లు పోయిన దారులు. రెవెన్యూ లెక్కల్లో వీటికి విడిగా సర్వే నెంబర్లున్నాయి, డొంక పోరంబోకు అని రాసి ఉంటుంది. ఇంగ్లండులో 1949 చట్టంతో ఊరూరా ఉమ్మడి దారుల పటం గీయడం మొదలెట్టారు, 1968లో గుర్రపు బాటల మీద సైకిళ్ళకి హక్కు ఇచ్చారు. అక్కడ పటం గీయడానికి పెద్ద పోరాటాలు జరిగాయి. మన పటం అంతకు ముందే గీసి ఉంది.

పటంలో ఉన్నవన్నీ నేల మీద లేవు. మా ఊరి పుంత ఒకటి, మా తాత పొలానికి పోయిన దారి, అటు చేపల చెరువు గట్టు, ఇటు కొబ్బరితోట కంచె కలిసి నడుమంత వెడల్పుకి వచ్చింది. ఎవరినీ తప్పు పట్టను. అందరూ ఒక అడుగే జరిగారు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఊరి సర్వేయరు బల్ల మీద క్షేత్ర పటం పరిచి ఉంటే చూశాను. ఆ పుంత జంట గీతలుగా, కాలవ గట్టు దగ్గర మొదలై, మూడు ఊళ్ళ పొలాలు దాటి, పాత శివాలయం చెరువు దాకా ఎక్కడా తెగకుండా ఉంది. గీతల మధ్య వెడల్పు స్కేలు పెట్టి కొలిచాడాయన. రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే తప్పుకునేంత ఉంది.

మర్నాడు తెల్లారకుండా మా తమ్ముడి సైకిలు తీసుకుని బయల్దేరాను. మొదటి కిలోమీటరు తొక్కాను, తర్వాత దిగి నడిపించాను, కంచె దగ్గర సైకిలు భుజానికెత్తుకున్నాను. కంచె అవతల మళ్ళీ బాట వెడల్పయింది. మంచులో తడిసిన గడ్డి కింద బండి చక్రాలు దిగబడ్డ రెండు చాళ్ళు ఇంకా ఉన్నాయి.